ఒకే అలమరాలో రెండు మందులు

అరవై దాటాక మనిషికి సిగ్గు తగ్గుతుందంటారు. అదంతా ఒట్టి మాట. ఆ రోజు మందుల షాపు కౌంటరు ముందు గోడౌన్ బాబాయ్ నిలబడ్డ తీరు చూసినవాళ్ళెవరైనా, సిగ్గనేది అసలు అరవై దాటాకే పుడుతుందని ఒప్పుకుని తీరతారు. చేతిలో కంటి చుక్కల సీసా పట్టుకుని అటు తిప్పుతాడు, ఇటు తిప్పుతాడు, మూత తీస్తాడు, పెడతాడు. వెనకవాళ్ళకి "మీరు కానివ్వండి, మీరు కానివ్వండి" అంటూ దారిస్తాడు. చివరికి షాపు ఖాళీ అయ్యాక గుమ్మం వైపు ఒకసారి చూసి, కౌంటరు మీదికి వంగాడు.

"అమ్మాయ్, ఒక చిన్న సందేహం."

"చెప్పండి బాబాయ్."

"ఈ కంటి చుక్కలకీ, ఎముకల బిళ్ళకీ పడుతుందా, పడదా?"

మందులమ్మాయి చేతిలో పని పక్కన పెట్టింది. ముప్ఫయ్యారేళ్ళొచ్చినా, పాపిట దగ్గర తెల్లవెంట్రుకలు తొంగిచూస్తున్నా ఆ వీధి మొత్తానికీ ఆమె మందులమ్మాయే. చదువు ఫార్మసీ, ఉద్యోగం ఆ కౌంటరు వెనక, ఓపిక సముద్రమంత. బాబాయ్ ఆమెకి పాత ఖాతాదారు. గడ్డి పూత మొదలైందంటే చాలు, ఆయన కళ్ళు రెండూ కుళాయిలైపోతాయి. ఏటా ఆ రోజుల్లో అలర్జీ చుక్కలు ఆమె చేతి మీదుగానే కొనుక్కెళతాడు.

"ఏ బిళ్ళ బాబాయ్? ఎముకలు గుల్లబారకుండా వారానికొకటి వేసుకునేదా?"

"ఆ, అదే. పొద్దున్నే పరగడుపున గ్లాసుడు మంచినీళ్ళతో. వేసుకున్నాక అరగంట నడుం వాల్చకూడదట."

"బాగానే తెలుసే! మీకెప్పుడు రాశారు?"

"నాకెందుకు రాస్తారు? నా ఎముకలు గుండ్రాళ్ళు. వేరేవాళ్ళకి. తెలిసినవాళ్ళు."

సరే, తెలిసినవాళ్ళెవరైతేనేం అనుకుని మందులమ్మాయి చిలక్కి చెప్పినట్టు చెప్పింది. చుక్కలు కంట్లోనే పనిచేస్తాయి, రక్తంలోకి వెళ్ళేది బహు తక్కువ. బిళ్ళ పని బిళ్ళది, ఎముకల దగ్గర. ఈ రెండింటికీ మధ్య గొడవ ఉన్నట్టు ఎక్కడా లేదు. ఒకే మనిషి రెండూ వాడుతుంటే డాక్టరు చెవిన వేయడం మంచిదే, కానీ బెంగ పడాల్సిందేమీ లేదు.

"ఒకే మనిషి కాదమ్మా. చుక్కలు ఒకరివి, బిళ్ళ ఇంకొకరిది."

"మరింకేం, అసలు పేచీయే లేదుగా!"

"ఒకే అలమరాలో ఉంటే?"

"ఉంటే ఉంటాయి."

బాబాయ్ గొంతు ఇంకా తగ్గింది. "ఒకే ఇంట్లో? అంటే, చుక్కలు వేసుకున్న మనిషి, బిళ్ళ వేసుకున్న మనిషి చెయ్యి పట్టుకుంటే?"

మందులమ్మాయి పెదవి కొరుక్కుంది. పకపకా నవ్వితే పెద్దాయన చిన్నబుచ్చుకుంటాడు, నవ్వకపోతే తన పొట్ట పగిలేలా ఉంది. అయినా ఆయనదేం తప్పులెండి. రంగులూ రసాయనాలూ చేసే కంపెనీలో ఉద్యోగం మొదలుపెట్టిన రోజు నుంచి రిటైరైన రోజు దాకా స్టోర్‌కీపరుగా గోడౌన్లోనే బతికాడు. అక్కడ గోడ మీద ఇంతెత్తు చార్టు ఉండేది, ఏ డ్రమ్ము పక్కన ఏ డ్రమ్ము ఉండకూడదో చెప్పడానికి. విడివిడిగా చూస్తే రెండూ బుద్ధిమంతులే. పక్కపక్కన చేర్చారో, పొగలు కక్కి కొంప ముంచుతాయి. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ గోడౌన్లో నిప్పురవ్వ కూడా లేవలేదు. ఆ చార్టు ఆయన బుర్రలో అలాగే అచ్చుపడిపోయింది. ఇప్పటికీ వంటింట్లో నిమ్మకాయలూ వంటసోడా ఒకే అరలో కనిపిస్తే నిద్రపట్టదు పాపం.

"ఎవరు బాబాయ్ ఆవిడ?" అంది మందులమ్మాయి, కళ్ళలో అల్లరి దాచుకోకుండా.

"ఆవిడని నేనన్నానా?"

"చెయ్యి పట్టుకుంటానంటున్నారు. ఆవిడ కాకపోతే మీ పాత మేనేజరా?"

బాబాయ్ చెవులు ఎర్రబడ్డాయి. ఇక దాచడం చేతకాక, కౌంటరు పక్కనున్న స్టూలు మీద కూలబడి మొదలుపెట్టాడు. ఆవిడ బిళ్ళ వేసుకున్న రోజున అరగంట పడుకోకూడదు కదా, అందుకని పార్కులో నడవడానికి వచ్చేదట. ఈయన బెంచీ మీద కూర్చుని కళ్ళు నలుపుకుంటుంటే, పాపం ఎవరో పోయారనుకుని పక్కన కూర్చుని ఓదార్చిందట.

"అలర్జీ అని చెప్పలేదా?"

"చెబుదామనే అనుకున్నా. అంత బాగా ఓదారుస్తుంటే మధ్యలో ఆపడం మర్యాద కాదనిపించింది. మరుసటి వారం చెప్పాను."

"తిట్టిందా?"

"నవ్వింది. అబ్బ, ఏం నవ్వనుకున్నావ్! చెట్టు మీద పిట్టలు ఎగిరిపోయాయి."

మందులమ్మాయికి ఆ ఆవిడ ఎవరో తెలియకుండానే నచ్చేసింది. తర్వాత కథ సాఫీగానే నడిచింది. వారానికొకసారి నడక కాస్తా రోజూ నడకైంది. మనం ఒకచోట ఉందామా అని బాబాయ్ అడిగాడు. ఆలోచించుకుని చెబుతానంది. ఆ చెప్పేలోపే ఆవిడకి కన్ను ఎర్రబడింది.

"నాకున్నట్టే అలర్జీ కాబోలనుకుని, నా సీసాలోంచి రెండు చుక్కలు వేశాను. మర్నాటికి ఇంకా ఎర్రబడిందమ్మా! అప్పుడర్థమైంది నాకు. నా చుక్కలకీ ఆవిడ బిళ్ళకీ పడలేదు. అంటే మేమిద్దరం ఒక అరలో ఉండాల్సిన సరుకు కాదు. ఆ రోజు నుంచి అటు వెళ్ళడం మానేశాను."

"మానేశారా? ఏమీ చెప్పకుండా?"

"చెబితే వద్దంటుంది, వచ్చెయ్యమంటుంది. నావల్ల ఆవిడ కన్ను పోతే?" బాబాయ్ సీసా వంక దోషిని చూసినట్టు చూశాడు. "రోజూ ఆవిడ షాపు ఎదుటి పేవ్‌మెంటు మీద నిలబడి చూసి వచ్చేస్తున్నా."

"కాకి వాలింది, తాటిపండు పడింది. తప్పు కాకిదేనా బాబాయ్?" అంది మందులమ్మాయి నవ్వుతూనే. అయితే అలవాటు కొద్దీ రెండు ప్రశ్నలు వేసింది. "ఒక కన్నా, రెండు కళ్ళా?"

"ఒకటే. ఎడమది."

"దురదా?"

"దురద అసలు లేదంది. నొప్పి. వెలుతురు చూస్తే సూదులు గుచ్చినట్టుందట. ఇప్పుడు షాపులో కూడా నల్లకళ్ళద్దాలు పెట్టుకునే కూర్చుంటోంది, నీళ్ళ బకెట్ల మధ్య."

మందులమ్మాయి నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

నీళ్ళ బకెట్ల మధ్య నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూర్చునే ఆడమనిషి ఆ చుట్టుపక్కల ఒక్కతే ఉంది. నిన్న సాయంత్రమే ఆవిణ్ణి చూసి "ఏమ్మా, సినిమా స్టారువైపోయావా?" అని వెక్కిరించింది మందులమ్మాయి. ఆ ఎముకల బిళ్ళ ప్రతినెలా స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చేది కూడా తనే. దీపం కింద చీకటంటే ఇదే.

"బాబాయ్, ఆవిడది పూల షాపా?"

ఆయన తల దించుకున్నాడు. "మీ అమ్మగారేనమ్మా."

ఇంకెవరైనా అయితే ఇక్కడ ఆశ్చర్యపోవాలి, అలగాలి, నాకెందుకు చెప్పలేదని కళ్ళనీళ్ళు పెట్టుకోవాలి. మందులమ్మాయికి అవన్నీ వచ్చాయి, కానీ అన్నిటికంటే ముందు భయం వచ్చింది. ఆ జాతి ఎముకల బిళ్ళలు వాడేవాళ్ళలో ఏ కొద్దిమందికో, చాలా అరుదుగా, కంటి లోపల వాపు వస్తుందని ఆమె చదువుకుంది. పైకి చూస్తే అలర్జీలా ఎర్రగా ఉంటుంది. నొప్పి ఉంటుంది, వెలుతురు పడదు. అలర్జీ అనుకుని ఊరుకుంటే చూపుకే ముప్పు. కౌంటరు లోపలి గదిలో ఉన్న తోటి ఉద్యోగికి అప్పగించి, తెల్లకోటు విప్పడం కూడా మర్చిపోయి రోడ్డెక్కింది.

"పదండి బాబాయ్!"

"నేను రాకూడదేమోనమ్మా."

"వస్తారా, ఈడ్చుకెళ్ళనా?"

పూల షాపు రెండు వీధుల అవతల. కింద షాపు, మేడ మీద తల్లీకూతుళ్ళ ఇల్లు. తండ్రి పోయినప్పటి నుంచీ వాళ్ళిద్దరే. తల్లిని అందరూ పూలత్త అంటారు. పొద్దున్నే వచ్చిన పూల కట్టలు విప్పడం, కాడల చివర్లు ఏటవాలుగా కోయడం, నీళ్ళు మార్చడం, ఎవరి పెళ్ళికో పుట్టినరోజుకో గుత్తులు కట్టడం, వచ్చినవాళ్ళ మంచీచెడూ కనుక్కోవడం ఆవిడ పని. ఆ తడి నేల మీదే కిందటేడు జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. అప్పుడే తీసిన పరీక్షలో ఎముకలు గుల్లబారాయని తేలి, ఆ వారం బిళ్ళ మొదలైంది.

కూతురు వెళ్ళేసరికి పూలత్త కత్తెరతో కాడల మీద కసి తీర్చుకుంటోంది.

"అమ్మా, అద్దాలు తీయి."

"ఏంటే, పని మానుకుని వచ్చావ్? పుప్పొడి పడింది కంట్లో. అంతే."

"పెళ్ళైన దగ్గర్నుంచీ పూలలోనే ఉన్నావు, ఇన్నాళ్ళూ పడని పుప్పొడి ఇప్పుడు పడిందా? తీయమన్నానా!"

తీసింది. ఎడమ కన్ను నల్లగుడ్డు చుట్టూ ఎర్రగా కందిపోయి ఉంది. గుమ్మంలోంచి వెలుతురు పడగానే ఆవిడ చటుక్కున రెప్ప మూసేసింది.

"ఇంత నొప్పి పెట్టుకుని నాకు చెప్పలేదేం?"

"చెబితే హడావిడి చేస్తావని." అంతలో పూలత్తకి గుమ్మం అవతల బకెట్ల చాటున నక్కిన మనిషి కనిపించాడు. మొహం జేవురించింది. "ఆయనెందుకొచ్చారు? దారి తప్పారా?"

బాబాయ్ అక్కడి నుంచే చేతులు జోడించాడు. "దగ్గరికి రానండీ. మీకు మంచిది కాదు."

"ఓహో! ఇన్నాళ్ళకి తెలిసిందా నాకేది మంచిదో? మొహం చాటేసినప్పుడు తెలియలేదా? పార్కులో బెంచీ మీద నేనొక్కదాన్నే కూర్చుంటే కాపలావాడు కూడా జాలిపడి కాఫీ ఇచ్చాడు! ఇష్టం లేకపోతే లేదని చెప్పాలి. నేనేమైనా ప్రాణం తీసుకుంటానా?"

"ఇష్టం లేకపోవడమేంటండీ, నా చుక్కల వల్ల..."

"ఏం చుక్కలు? ఆకాశంలో చుక్కలా?"

"ఇద్దరూ ఆపండి!" అంది మందులమ్మాయి. అమ్మ ఇంత చక్కగా, ఇంత కోపంగా, పదహారేళ్ళ పిల్లలా పోట్లాడగలదని ఆమెకి ఆ క్షణం దాకా తెలియదు. ఒకపక్క భయం వేస్తోంది, ఇంకోపక్క నవ్వొస్తోంది. "ముందు కన్ను. తర్వాత మీ కొట్లాట. షట్టరు వేయండి బాబాయ్."

టాక్సీలో తల్లీకూతుళ్ళు వెనక కూర్చున్నారు. బాబాయ్ డ్రైవరు పక్కన, కిటికీకి అతుక్కుపోయి, తన గాలి కూడా వెనక్కి పోకూడదన్నట్టు మొహం బయటపెట్టి కూర్చున్నాడు. బయటి గాలికి ఆయన కళ్ళు ధారలు కట్టాయి. డ్రైవరు జాలిగా చూసి, వెనక్కి తిరిగి, "పెద్దాయనకేనా కళ్ళకి బాలేనిది?" అని అడిగాడు. పూలత్త కోపంలోనే ఉండి కూడా కిసుక్కున నవ్వి, మళ్ళీ మూతి బిగించింది.

కళ్ళ డాక్టరమ్మ చీకటి గదిలో పూలత్త గడ్డాన్ని మిషను మీద ఆనించి, సన్నటి వెలుగుగీతతో చాలాసేపు చూసింది. మందులమ్మాయి ఊపిరి బిగబట్టి తల్లి భుజం పట్టుకుంది. బాబాయ్ తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"కంటి లోపల, ముందు భాగంలో వాపు," అంది డాక్టరమ్మ చివరికి. "ఇది అలర్జీ కాదు. సమయానికే వచ్చారు. వెనక భాగం శుభ్రంగా ఉంది, చూపుకేం కాలేదు. మానకుండా చుక్కలు వేసుకుంటే తగ్గిపోతుంది."

మందులమ్మాయి గోడకి ఆనుకుంది. ఆ ఒక్క ముక్క వినేదాకా తను ఎంత భయపడిందో తనకే తెలియలేదు.

"ఇంకేమైనా మందులు వాడుతున్నారా?"

ఎముకల బిళ్ళ సంగతి కూతురు చెప్పింది. డాక్టరమ్మ తలూపింది. దానివల్ల కావచ్చు, అరుదుగా అవుతుంది, వేరే కారణాలకి పరీక్షలు కూడా చేయిస్తాను అంది. ప్రస్తుతానికి ఆ బిళ్ళ ఆపమంది, ఎముకల డాక్టరుతో తనే మాట్లాడతానంది. ఎముకలని మాత్రం వదిలెయ్యకూడదు, వాటికి వేరే జాతి మందులున్నాయి అని కూడా గట్టిగా చెప్పింది.

అప్పుడు తలుపు దగ్గర్నుంచి దగ్గు వినిపించింది.

"డాక్టరుగారూ, నేను ఆవిడ కంట్లో నా అలర్జీ చుక్కలు వేశాను. దానికీ బిళ్ళకీ పడక ఇలా అయిందా?"

"లేదండీ. ఆ రెండింటికీ గొడవేం లేదు. అలర్జీ కాదు కాబట్టి అలర్జీ మందుకి తగ్గలేదు, దాని దారిన అది పెరిగింది. అంతే. కానీ పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రమా? ఒకరి సీసా ఇంకొకరు వాడకూడదు. సీసా కొస రెప్పకి తగిలితే లేనిపోని జబ్బులు అంటుకుంటాయి."

"ఇంకెప్పుడూ వెయ్యను. అయితే నేను పక్కన కూర్చోవచ్చా?"

డాక్టరమ్మకి అర్థం కాలేదు. "ఎవరి పక్కన? అసలు మీరు ఆవిడకేమవుతారు?"

బాబాయ్ నేల చూపులు చూశాడు. మందులమ్మాయి తల్లి వంక చూసింది.

"ఏమీ కారు," అంది పూలత్త. "చెప్పాపెట్టకుండా మాయమైన మనిషి ఏమవుతారు? నేను జవాబు చెప్పడం ఆలస్యం చేశానని విసుగెత్తి పోయారనుకున్నా. రోజూ ఏడ్చాను. సిగ్గు లేకుండా చెబుతున్నా, ఏడ్చాను."

"అయ్యో, నా బుద్ధి మండ! నావల్ల మీ కన్ను పోతుందని భయపడి దూరంగా ఉన్నానండీ. గోడౌన్లో చార్టు..." అంటూ ఆ వెర్రిబాగులాయన డ్రమ్ముల కథంతా అక్కడే, డాక్టరమ్మ ముందే ఏకరువు పెట్టాడు. ఏది ఏ డ్రమ్ముకి పడదో, పక్కన పెడితే ఏమవుతుందో, తను ఎదుటి పేవ్‌మెంటు మీద ఎందుకు నిలబడ్డాడో అంతా. సగం కథయ్యేసరికి పూలత్త నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వుకి బయట వరసలో కూర్చున్న పేషెంట్లు తలలు లోపలికి పెట్టి చూశారు. నొప్పి కన్ను చేత్తో మూసుకుని, రెండో కంట్లోంచి నీళ్ళు కారేదాకా నవ్వింది.

"వచ్చి కూర్చోండి," అంది డాక్టరమ్మ, తనూ నవ్వాపుకోలేక. "ఏం పేలదు."

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ పూలత్త ఇంకా ఊ అనలేదు కదా. ఆ సాయంత్రం మేడ మీద గదిలో దీపం వేయకుండా కూర్చుని, కూతురు చుక్కలు వేస్తుంటే వెల్లకిలా పడుకుని పైకప్పుతో చెప్పినట్టు చెప్పింది.

"ఆయనకి కుదరదని చెప్పేస్తానే."

"ఎందుకట? కోపం పోలేదా?"

"కోపం కాదు. మొదట్నుంచీ అందుకే నాన్చాను. నేను ఆయనింటికి వెళితే నువ్వొక్కదానివే అయిపోతావు."

మందులమ్మాయి సీసా మూత బిగించింది. ఆమెకి పెళ్ళి మీద మనసు ఎప్పుడూ పోలేదు. దాని గురించి చింతా లేదు. కానీ సాయంత్రం షాపు కట్టేసి వచ్చేసరికి మెట్ల మీదే అమ్మ గొంతు వినిపించడం, ఆ రోజు ఎవరికి ఏ పువ్వు కట్టిందో భోంచేస్తూ చెప్పడం, కూర బాలేదని ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకోవడం, ఇవి లేని ఇల్లు ఆమె ఎరగదు. ఆ ఇల్లు ఒక్కసారి కళ్ళముందు కనిపించింది.

"నేనేమైనా చంటిపిల్లనా?" అంది, వీలైనంత కులాసాగా. "నువ్వెళితే మంచం మొత్తం నాదే. అలమరా మొత్తం నాదే. ఎప్పుడెళతావా అని చూస్తున్నా."

"అబద్ధాలాడకు. నీకు చిన్నప్పట్నుంచీ రాదు అది."

"సరే, బాధగానే ఉంటుంది. అయితే ఏంటి? నీకోసం ఒక మనిషి ఎండలో పేవ్‌మెంటు మీద నిలబడ్డాడే. బాధ కంటే అది పెద్దది. నువ్వు కాదన్నావంటే నేను నీతో మాట్లాడను."

పూలత్త కూతురి చెయ్యి తీసుకుని గుండెల మీద పెట్టుకుంది.

నెల తిరిగేసరికి కన్ను తేటపడింది. డాక్టరమ్మ మళ్ళీ చూసి, వాపు పోయిందని, చుక్కలు నెమ్మదిగా తగ్గించమని చెప్పింది. ఎముకల డాక్టరు వేరే జాతి మందుకి మార్చాడు. నల్లకళ్ళద్దాలు తీసేసినందుకు వీధిలో పిల్లలు మాత్రం నొచ్చుకున్నారు. బాబాయ్ రోజూ వస్తున్నాడు, కళ్ళలో చుక్కలు వేసుకుని, చేతులు శుభ్రంగా కడుక్కుని, ముందు తుమ్మి తర్వాత పలకరించి. అయినా పూలత్త నోటి నుంచి ఆ ఒక్క మాట ఊడిపడలేదు. అడిగితే, "అమ్మాయితో మాట్లాడండి, అదే నా పెద్దదిక్కు," అని తప్పించుకుంది.

అలాగే మాట్లాడతానన్నాడాయన. ఒక ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని మేడెక్కాడు.

మందులమ్మాయి అంతకుముందు రాత్రే ఒక నిశ్చయానికి వచ్చింది. అటక మీది నుంచి పెద్ద పెట్టె దింపి దుమ్ము దులిపి, అమ్మ చీరలు సగం సర్దేసింది. ఈయన అడగడమే ఆలస్యం, పెట్టె చేతికిచ్చి పంపెయ్యాలి. ఆలోచించుకునే వ్యవధి అమ్మకి ఇచ్చామా, మళ్ళీ నాన్చుతుంది. అందుకని బాబాయ్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆడపిల్ల తరఫు పెద్దమనిషిలా గొంతు సవరించుకుంది.

"అబ్బాయి ఏం చేస్తుంటాడు?"

"రిటైరయ్యానండీ," అన్నాడు బాబాయ్, చేతులు కట్టుకుని.

"అలవాట్లు?"

"కంటి చుక్కలు. ఏడాదికి మూడు నెలలు."

"కోపతాపాలు?"

"లేవండీ. భయాలున్నాయి. తగ్గించుకుంటున్నాను."

వంటగది గుమ్మంలో నిలబడ్డ పూలత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మందులమ్మాయి అటు తిరిగింది. "ఏమ్మా, అబ్బాయి నచ్చాడా? తలూపితే చాలదు, నోటితో చెప్పాలి."

"నచ్చకేం," అంది పూలత్త. "ఎప్పుడో నచ్చారు. కానీ నిన్ను..."

"నన్ను వదిలేయ్. ఇదిగో," అంటూ మందులమ్మాయి మంచం పక్క నుంచి పెట్టె లాగి బాబాయ్ ముందు పెట్టింది. "మా అమ్మ చీరలు బాబాయ్. మిగతావి రేపు పంపిస్తా. పొద్దున లేవగానే ఆవిడతో ఎవరూ మాట్లాడకూడదు, కాఫీ తాగాక మాట్లాడాలి. తడి నేల మీద పరిగెడుతుంది, అరవాలి. జాగ్రత్తగా చూసుకోండి."

బాబాయ్ పెట్టె వంక చూశాడు, అమ్మాయి వంక చూశాడు. అయోమయంగా లేచి నిలబడ్డాడు.

"ఈ పెట్టె ఎక్కడికమ్మా?"

"మీ ఇంటికి."

"మా ఇంటికెందుకు? నేను ఆవిణ్ణి రమ్మని ఎప్పుడన్నాను? ఒకచోట ఉందామన్నాను గానీ." ఆయన చొక్కా అంచు సవరించుకున్నాడు. "షాపు ఇక్కడ, నువ్విక్కడ. మిమ్మల్నిద్దర్నీ విడదీసి ఒక సగాన్ని పట్టుకెళ్ళి నేనేం చేసుకోను? నన్నే ఇక్కడ ఉండనిస్తారేమో అడుగుదామని వచ్చాను. నా పెట్టె కింద టాక్సీలో ఉంది. నువ్వు కాదంటే అదే టాక్సీలో వెనక్కి పోదామని ఉండమన్నాను."

పూలత్త గుమ్మం పట్టుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయి, నవ్వుతూనే ఏడవడం మొదలుపెట్టింది. మందులమ్మాయి అదేమీ చూడలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా రెండేసి మెట్లు దూకుతూ కిందికి పరిగెత్తింది. డ్రైవరు స్టీరింగు మీద తల పెట్టి కునుకుతీస్తున్నాడు. ఆమె వెనక తలుపు తెరిచి బాబాయ్ పెట్టె రెండు చేతులా బయటికి లాగి, కిటికీ మీద టకటకా కొట్టింది.

"నువ్వెళ్ళిపో అన్నా," అంది ఆయాసపడుతూ, కళ్ళు తుడుచుకుంటూ. "ఆయనింక వెనక్కి రారు."